ఉప్పునీటి గోదావరి: కోరింగ మడ అడవి – తెలుగు సాహిత్యంలో నదీముఖం

వ్యాస సంగ్రహం: గోదావరి పేరుతో తెలుగులో విస్తారమైన సాహిత్యం వచ్చింది. ఆ సాహిత్యంలో కనిపించే నది ప్రధానంగా తీపినీటి నది. గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న కోరింగ మడ అడవి, దాని తిప్పలు, అక్కడి మత్స్యకారుల జీవితం ఆ చిత్రణలో అంచునే నిలిచిపోయాయి. తీర్థభావన, ఆయకట్టు అనే రెండు చట్రాలు ఈ పరిమితిని ఎలా ఏర్పరిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కొల్లేరు నేపథ్యంగా వచ్చిన నవలతోనూ, ఇతర భారతీయ భాషల నదీముఖ నవలలతోనూ పోల్చి, కోరింగను చదవడానికి అవసరమైన విమర్శ పరికరాలు ఏవో చర్చిస్తుంది.

కీలక పదాలు: గోదావరి సాహిత్యం, మడ అడవి, కోరింగ, పర్యావరణ విమర్శ, స్థలభావన, వేట.

1. సమస్య

'గోదావరి సాహిత్యం' అనే మాట తెలుగు విమర్శలో ఎంతగా స్థిరపడిందంటే, దాని హద్దులేమిటని అడగవలసిన అవసరమే సాధారణంగా కనిపించదు. రాజమహేంద్రవరం పుష్కరఘట్టం, పాపికొండల మలుపులు, కోనసీమ కొబ్బరితోటలు, కాలువగట్టు ఊళ్లు, లంకపొలాలు అనే దృశ్యాల వరుస ఆ మాటతోపాటే మనసులో మెదులుతుంది. ఈ వరుస ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. నది మాత్రం అక్కడ ఆగదు. కొబ్బరితోట అయిపోయి, వరిచేను అయిపోయి, నేల ఉప్పు పర్రగా మారి, ఆ తరువాత బురదలో మడ చెట్లు మొదలయ్యే చోట గోదావరి ఇంకా గోదావరే. సాహిత్యంలో మాత్రం దానికి అక్కడ పేరు ఉండదు.

ఈ వ్యాసం ఎంచుకున్న స్థలం కోరింగ. సాహిత్యంలో ఒక ప్రాంతం తక్కువగా కనిపించడం స్వయంగా దోషమేమీ కాదు. ప్రతి ఊరికీ ఒక నవల ఉండాలని విమర్శ కోరలేదు. అయితే ఒక సాహిత్యం ఒక నది పేరును మొత్తంగా తన పేరుగా చేసుకున్నప్పుడు, ఆ నదిలో ఏ భాగాన్ని తీసుకున్నది, ఏ భాగాన్ని విడిచిపెట్టినది, ఆ విభజన రేఖ దేని వెంట నడిచినది అనేవి న్యాయమైన ప్రశ్నలవుతాయి. గోదావరి సాహిత్యపు సరిహద్దు కాలువ నీరు అందే మేర వెంట నడవడం యాదృచ్ఛికం కాదన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. కోరింగ: స్థలమూ చరిత్రా

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. గౌతమి యానాం దాటి సముద్రాన్ని చేరే ప్రాంతంలో, కాకినాడ అఖాతానికి దక్షిణాన, నదీజలమూ సముద్రజలమూ రోజూ కలిసి విడిపోయే బురదనేలలో కోరింగ మడ అడవి వ్యాపించింది. 1978లో దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. 2022 నాటి జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాల మధ్య పడింది.

నల్లమడ, తెల్లమడ, తిల్ల, పొన్న, గుగ్గిలం వంటి చెట్లు ఇక్కడి వృక్షజాలంలో ముఖ్యమైనవి. మడ చెట్టు వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకువస్తాయి. పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, మొలకగానే కిందికి జారుతుంది. బావురుపిల్లి, నీటికుక్క, నక్క ఇక్కడి జంతువులు. చలికాలంలో వలస పక్షులు చేరతాయి. శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకతిప్పల మీద గుడ్లు పెడతాయి. అఖాతానికి అడ్డుగోడలా పడుకొని ఉన్న హోప్ ఐలాండ్, గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పేర్చగా సుమారు రెండు శతాబ్దాల కాలంలో పొడవుగా ఎదిగిన దీవి. నది రాసుకుంటున్న పటం ఇంకా పూర్తి కాలేదనడానికి అదే సాక్ష్యం. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపడం వల్ల డెల్టా అంచు అనేకచోట్ల కోతకు గురి కావడం ఆ పటంలో మరొక వైపు.

కోరింగ ఒకప్పుడు అడవి పేరుగా కంటె రేవు పేరుగా ప్రసిద్ధం. పద్దెనిమిదవ శతాబ్దంలో అది ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ పేరుపొందిన కేంద్రం. పూడిక పేరుకొనడంతో వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలిపోయింది. బర్మా వెళ్లిన తెలుగు కూలీలకు అక్కడ 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. ఒక రేవు పేరు ఒక జాతి పేరుగా మారిన సందర్భమిది. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును ధ్వంసం చేశాయి. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్‌టన్ 1848లో 'సైక్లోన్' అనే మాటను ప్రవేశపెట్టాడు. ఆయన ప్రస్తావించిన విపత్తులలో 1789 నాటి కోరంగి ఉప్పెన ఒకటి. ఇంత చరిత్ర ఉన్న స్థలం తెలుగు పాఠకుని ఊహలో ఈనాడు ఒక చెక్కవంతెన, ఒక పడవ షికారు, ఒక ఛాయాచిత్రంగా మిగలడమే ఈ పరిశీలనకు ప్రేరకం.

3. తీర్థమూ ఆయకట్టూ

తెలుగు సాహిత్యంలో గోదావరిని తీర్చిదిద్దిన మొదటి చట్రం తీర్థభావన. శ్రీనాథుని 'భీమేశ్వరపురాణం' దీనికి ప్రధానమైన ఉదాహరణ. కాశిని విడిచిన వ్యాసుడు దక్షారామానికి చేరడం, సప్తర్షులతో ముడిపడిన సప్తగోదావర మహిమ, భీమేశ్వరుని వైభవం ఆ కావ్యానికి ఇరుసులు. నదీపాయలన్నింటి పుణ్యమూ ఒక క్షేత్రంలో, ఒక గుండంలో సన్నిహితమవుతుంది. కావ్యదృష్టిలో ఇది గొప్ప సంగ్రహణశక్తి. భౌగోళికంగా చూస్తే ఇందులో ఒక దిశ ఉంది. సముద్రం వైపు విచ్చుకొని పోయే పాయలను కావ్యం వెనక్కి, నేల వైపు, దేవాలయం వైపు మళ్లిస్తుంది.

ఇదే పురాణభావనకు డెల్టా ప్రజలు మరొక రూపమిచ్చారు. పుష్య బహుళ అమావాస్యనాడు, చొల్లంగి అమావాస్యగా పేరుపొందిన ఆ రోజున, తుల్యభాగ సముద్రంలో కలిసే చొల్లంగిలో స్నానంతో మొదలయ్యే సప్తసాగరయాత్ర ఆత్రేయ సంగమమైన కోరంగి మీదుగా ఒక్కొక్క పాయ ముఖాన్నీ దర్శిస్తూ, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేది చేరుతుంది. సప్తగోదావర గుండం పాయలను ఒకచోటికి చేరుస్తే, సప్తసాగరయాత్ర మనిషినే పాయల చివరికి నడిపిస్తుంది. మొదటిది కావ్యమై నిలిచింది. రెండవది ఆచారంగా మిగిలింది. ఉప్పునీటిని పుణ్యజలంగా గుర్తించిన భావన తెలుగు నేలలో లేకపోలేదు. ప్రౌఢకావ్యం దాని వెంట నడవలేదు. చొల్లంగి ఈనాడు అభయారణ్యపు అంచున ఉన్న ఊరన్న సంగతి ఈ రెండు భూగోళాలను పక్కపక్కన పెట్టి చదవడానికి తోడ్పడుతుంది.

రెండవ చట్రం ఆయకట్టు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా ఆర్థిక జీవితాన్నే గాక అక్కడి స్థలభావననూ మార్చింది. అంతవరకు నది అంటే వరద, లంక, రేవు. ఆ తరువాత నది అంటే కాలువ, లాకు, వంతు, శిస్తు. కాలువ వెంట పంట పెరిగింది. పంట వెంట బడి, పత్రిక, గ్రంథాలయం, నాటక సమాజం పెరిగాయి. ఆధునిక తెలుగు వచనాన్ని నిర్మించిన రచయితలలో పెద్ద భాగం ఈ కాలువ ఊళ్ల నుంచే వచ్చారు. వారికి గోదావరి ఇంటి ముందుకు వచ్చే నీరు. ఆ నీరు తాగదగినది, పారించదగినది, పాడదగినది. చివరకు అది ఎక్కడికి పోతుందన్నది కాలువ అడిగే ప్రశ్న కాదు. కాలువ దృష్టిలో సముద్రంలో కలిసే నీరు వృథా అయిన నీరు. ఈనాటికీ ప్రాజెక్టుల చర్చలలో వినిపించే 'వృథాగా సముద్రం పాలు' అన్న పలుకుబడి ఈ దృష్టికి పరాకాష్ఠ. మడ అడవి బతికేది ఆ 'వృథా' నీటితోనే. ఒకరి నష్టపట్టికలో రాసుకున్న నీరు మరొకరికి ప్రాణాధారమవడం సాహిత్యం పట్టుకోదగిన వైరుధ్యం. తెలుగు కథానిక దానిని ఇంకా తన ఇతివృత్తాలలో ప్రధానమైనదిగా చేసుకోలేదు.

4. కాలువ పడవ, రైలు స్టేషను, అడవి దారి

ఈ రెండు చట్రాల ప్రభావం ఉత్తమ రచనలలోనే స్పష్టంగా కనిపిస్తుంది. సామాన్యమైన రచనలతో ఈ వాదం చేయడం సులభం గాని న్యాయం కాదు. అందుకే ఇక్కడ మూడు కథలను తీసుకోవడం జరిగింది. వాటి విలువను తగ్గించడం ఉద్దేశం కాదు; వాటి స్థలం ఎక్కడ నిలబడి ఉందో చూడడమే ఉద్దేశం.

పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' తెలుగులో వచ్చిన పడవ కథలలో అగ్రశ్రేణిది. రాత్రి, తడిసిన చీకటి, నెమ్మదిగా కదిలే పడవ, రంగి చెప్పుకొనే పద్దాలు కథ అన్నీ కలిసి మంచి చెడ్డల కొలబద్దను పాఠకుని చేతిలోంచి జారవిడుస్తాయి. ఆ కదలిక కాలువ కదలిక. గట్టు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది. నీటికి రెండు ఒడ్డులు, ఒక దిశ, ముందే తెలిసిన గమ్యం ఉంటాయి. రంగి జీవితంలోని అనిశ్చితికి ఈ నిశ్చితమైన నీరు నేపథ్యం కావడం వల్లనే కథ అంత గాఢమవుతుంది. పోటుకు దిశ మార్చుకొని, పాటుకు అడుగు బయటపెట్టే ఏటిపాయలో ఇదే కథ జరిగితే, కథనపు లయ మరోలా ఉండవలసి వచ్చేది. నీటి స్వభావం కథ నిర్మాణాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇది నిదర్శనం.

ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందిన 'గాలివాన'లో తుపాను ఒక మనిషి నమ్ముకున్న విలువల కట్టడాన్ని ఒక్క రాత్రిలో పరీక్షకు పెడుతుంది. రైలు స్టేషనులో చిక్కుకున్న రావుగారు, ఆయన తప్పించుకోజూసిన బిచ్చగత్తె, తెల్లవారేసరికి మారిపోయిన ఆయన చూపు: కథ అంతా అంతరంగ పరిణామం వైపు నడుస్తుంది. తుపాను అక్కడ నైతిక సంఘటన. సముద్రం కథలో కనిపించదు; దాని గాలి మాత్రమే వస్తుంది. డెల్టా లోపలి మనిషికి తుపాను అలాగే వస్తుంది, ఎప్పుడో ఒకసారి, పరీక్షలాగా. తీరాన ఉన్నవానికి అది ఋతువులో భాగం. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని దాటిన తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు తీవ్రంగా నష్టపోయాయి. ఆ ఊళ్లలో ఆ రాత్రి మనిషి గుణాన్ని పరీక్షించలేదు, మనుషులనే తీసుకుపోయింది. 'గాలివాన' రాసిన చేతికి ఈ తేడా తెలియదనడం పొరపాటు. ఆ కథ ఎంచుకున్న దూరం దాని కళకు అవసరమైన దూరం. అయితే ఆ దూరమే తరువాతి రచయితలకు అలవాటు కావడం విమర్శకు ఆలోచించదగిన విషయం.

దేవరకొండ బాలగంగాధర తిలక్ 'నల్లజర్ల రోడ్డు' గోదావరి జిల్లాల అడవిని ఆధారం చేసుకున్న విశిష్టమైన కథ. రాత్రివేళ అడవి దారిలో చిక్కుకున్న నాగరికుల భయం, స్వార్థం, వారిని ఆదుకొన్న పేదవాని నిర్మలత్వం అక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. అడవి ఇక్కడ నాగరికతను కొలిచే గీటురాయి. దానికి దారి ఉంది, దాటవలసిన అవసరం ఉంది, దాటిన తరువాత తిరిగి చేరవలసిన ఊరు ఉంది. మడ అడవిలో దాటిపోయే దారి లేదు. అక్కడికి వెళ్లేవాడు దాటడానికి వెళ్లడు, పీతకో రొయ్యకో చేపకో వెళ్తాడు. అడవిని పరీక్షాస్థలంగా చూసే కథనరీతి, దానిని పనిస్థలంగా చూడవలసిన చోట సరిపోదు.

ఇటీవలి తరంలో బి.వి.ఎస్. రామారావు 'గోదావరి కథలు' నీటిపారుదల వ్యవస్థను లోపలినుంచి తెలిసిన మనిషి రాసినవి. కాలువ పనివారి భాష, వారి నైపుణ్యం, వారి గర్వం వాటికి బలం. వంశీ 'మా పసలపూడి కథలు', 'మా దిగువ గోదావరి కథలు' ఊరి మనుషులను, తిండిని, మాటతీరును లక్షల పాఠకుల దగ్గరికి చేర్చాయి. 'దిగువ' అన్న మాట తెలుగు సాహిత్యంలో శీర్షిక స్థాయికి రావడం విశేషమే. కాని ఆ దిగువ ప్రధానంగా ధవళేశ్వరానికి దిగువ, కాలువ దృష్టిలోని దిగువ. నది దృష్టిలో అసలైన దిగువ ఇంకా ముందుంది.

5. కొల్లేరు పాఠం, యానాం సూచన

నీటిపట్టు నేలను తెలుగు నవల పట్టించుకోలేదనడానికి వీలులేదు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' దానికి ప్రబలమైన సమాధానం. కొల్లేటి లంక గ్రామపు ఉమ్మడి జీవితాన్ని, వరదకూ ఎండకూ మధ్య నడిచే దాని ఏడాదిని జ్ఞాపకాల రూపంలో నిర్మించి, చేపల చెరువుల విస్తరణలో సరస్సు రూపుమాసిపోవడాన్ని ఆ నవల నమోదు చేస్తుంది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు పొందింది. 2006 ప్రాంతంలో చెరువుగట్ల తొలగింపు జరిగింది. చట్టానికీ జీవనోపాధికీ మధ్య ఘర్షణ పత్రికల శీర్షికలలో నలుగుతున్న కాలం గడిచాక, ఆ శీర్షికల వెనుకనున్న తరాల అనుభవాన్ని నవల ముందుకు తెచ్చింది.

కొల్లేరుకు సాధ్యమైనది కోరింగకు ఎందుకు కాలేదు? ఇక్కడ మూడు భేదాలు గమనించదగినవి. మొదటిది, కొల్లేరు మంచినీటి సరస్సు. దాని చుట్టూ వ్యవసాయ గ్రామాలున్నాయి. వ్యవసాయ జీవితాన్ని చెప్పే సంప్రదాయం తెలుగు నవలకు బలంగా ఉంది, కొల్లేరు నవల దానిని విస్తరించుకోగలిగింది. రెండవది, కొల్లేటి విధ్వంసం ఒక తరం కళ్లముందు జరిగింది. ముందూ వెనుకా అనే కథనం సహజంగా సమకూరింది. మడ అడవి మార్పు అంత నాటకీయం కాదు. ఒకచోట కోత, ఒకచోట మేట, ఒకచోట రొయ్యల చెరువు, ఒకచోట కొత్తగా నాటిన మొక్కలు. దీనికి శోకగీతం సరిపోదు, విజయగాథా సరిపోదు. మూడవది, కొల్లేటి జ్ఞాపకాన్ని రాయగల అక్షరాస్య వర్గం ఆ గ్రామాలనుంచే వచ్చింది. కోరింగ చుట్టూ ఉన్న అగ్నికులక్షత్రియ, పల్లి తదితర మత్స్యకార సమూహాలకు బడి ఆలస్యంగా చేరింది.

ఈ మూడింటిలో మూడవది ప్రధానమైనదే గాని అదొక్కటే కారణం కాదని యానాం రచయితలు సూచిస్తారు. గౌతమి ఒడ్డున, 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న ఈ పట్టణం మడ అడవికి అతిసమీపంలో ఉంది. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి బాల్యానికి అక్కడ సంబంధముంది. శిఖామణి వంటి కవి అక్కడివాడు. దాట్ల దేవదానం రాజు 'యానాం కథలు' ఆ పట్టణపు మిశ్రమ చరిత్రను కథాస్థలంగా నిలబెట్టాయి. బొల్లోజు బాబా 'ఫ్రెంచిపాలనలో యానాం' దాని పాలనా చరిత్రను తెలుగులో అందించింది. ఈ కృషికి ఇరుసు పట్టణం, వలసపాలన, సరిహద్దు. అది సముచితమే. నదీముఖం గురించి రాయడానికి కావలసిన సామీప్యం, పరిశీలన అక్కడ ఉన్నాయని ఈ రచనలు నిరూపిస్తాయి. గౌతమి అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి చూసే రచనకు ఇక్కడ పునాది పడి ఉంది.

6. మాటలలో దాగిన భూగోళం

కథ లేని చోట కూడా భాష ఉంటుంది. కోరింగను చదవడానికి విమర్శకుడు మొదట వెతకవలసినది పదజాలంలో. నదిలో ఒండ్రుతో ఏర్పడి పంటకు అనువైన దీవి 'లంక'. సముద్రపు అంచున ఇసుకతో లేచిన దీవి 'తిప్ప'. లంకకు సాహిత్యంలో గౌరవస్థానముంది. లంకపొగాకు, లంకమేత, లంకల వరద కథలలో స్థిరపడ్డాయి. తిప్ప మాత్రం బలుసుతిప్ప వంటి ఊరిపేర్లలో మిగిలింది. అదే తీరున పాయ సముద్రంలో కలిసే చోటు 'మొగ'. కాకినాడలో ఏటిమొగ అన్న పేట పేరు ఈ మాటను కాపాడుకుంటోంది. సాహిత్యభాష దీని బదులు 'సంగమం' అన్నది. సంగమం రెండు పవిత్రతల కలయిక. మొగ పడవ బయటికి పోయి తిరిగి రావలసిన గుమ్మం. ఒకటి దర్శించేవాని మాట, మరొకటి పని చేసేవాని మాట.

'ఆటుపోట్లు' అన్న పలుకుబడి ఇంకా ఆసక్తికరం. తెలుగు వ్యాసంలోనూ ప్రసంగంలోనూ అది కష్టాలకు పర్యాయమైపోయింది. జీవితంలో ఎన్నో ఆటుపోట్లు ఎదుర్కొన్నవాడన్నది పరిచయవాక్యాలలో నిత్యం వినిపించే మాట. మత్స్యకారునికి పోటూ పాటూ విపత్తులు కావు, గడియారం. ఎప్పుడు పాయలోకి పోవాలో, ఎప్పుడు వల కట్టాలో, ఎప్పుడు పడవ అడుగు తగులుతుందో అవే చెబుతాయి. మడ అడవికి అవే ఊపిరి. ఒక సమాజపు దినచర్య మరొక సమాజపు రూపకంలో ఆపదగా మారిన తీరు, ఈ భాషలో ఎవరి అనుభవం ప్రమాణంగా నిలిచిందో చెబుతుంది.

అన్నింటికంటె పదునైన మాట 'వేట'. తీరాంధ్రలో చేపలు పట్టడాన్ని వేట అంటారు. వేటకు వెళ్లడమంటే పనికి వెళ్లడం. అభయారణ్యపు భాషలోనూ అదే మాట ఉంది, నేరంగా. 'వేట నిషిద్ధం' అన్న బోర్డు జంతువులను కాపాడేందుకు పెట్టినది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపలు పట్టడంపై ఉండే నిషేధం 'వేట నిషేధకాలం'. ఒకే మాట ఒకచోట నేరం, ఒకచోట వృత్తి, ఒకచోట విరామం. వన్యప్రాణి సంరక్షణ చట్టమూ మత్స్యకార జీవనమూ ఒకే నీటి మీద ఎదురయ్యే సంఘర్షణకు ఇంతకంటె సంక్షిప్తమైన రూపం దొరకదు. ఈ మాటలోని మూడు అర్థాలను ఒకే పాత్ర నోట పలికించగల కథ వస్తే, అది కోరింగ కథ అవుతుంది.

పర్యాటక వచనం ఈ సంక్లిష్టతను తుడిచేస్తుంది. సుందరవనాల తరువాత దేశంలో రెండవ పెద్ద మడ అడవి అన్న వాక్యం దానికి ఆనవాయితీ ప్రారంభం. కొలతను బట్టి మారే ఈ పోలిక నిజానిజాల సంగతి అటుంచితే, అది స్థలాన్ని మరొక స్థలానికి అనుబంధంగా నిలబెడుతుంది. తరువాత పక్షుల పేర్లు, జంతువుల పేర్లు, పడవ షికారు వేళలు. మనుషులు ఉండరు. నదిని ఆరాధించిన సాహిత్యం మనిషిని అక్కడిదాకా తీసుకుపోలేదు. అడవిని ప్రచారం చేసే వచనం అక్కడున్న మనిషిని చిత్రంలోంచి తప్పించింది. రెండు వేర్వేరు దారులు ఒకే ఖాళీని చేరాయి.

7. ఒక ఆక్షేపణ, కొన్ని పోలికలు

ఈ వాదంపై రెండు ఆక్షేపణలు వస్తాయి. సాహిత్యాన్ని భూగోళపు జాబితాగా చూడడం తగదన్నది మొదటిది. ఇది సమంజసమే. ఇక్కడ కోరినది జాబితా పూరణ కాదు. తీపినీటి అనుభవాన్ని నది అనుభవమంతటికీ సమానం చేసే అలవాటును గుర్తించడమే. ఆ ప్రాంతపు రచయిత పుట్టేవరకు వేచి ఉండవలసిందేనన్నది రెండవది. దీనికి ఇతర భాషలు భిన్నమైన సమాధానాలిస్తాయి.

మాణిక్ బందోపాధ్యాయ 'పద్మానదిర్ మాఝి' (1936) మత్స్యకార సమాజం వెలుపలి రచయిత రాసిన నవల. అద్వైత మల్లబర్మన్ 'తితాస్ ఏక్తి నదీర్ నామ్' (1956) ఆ సమాజంలోనే పుట్టినవాడు రాసినది. మొదటిది పేదరికపు యంత్రాంగాన్ని విప్పి చూపుతుంది. రెండవది నది ఎండిపోతే ఒక సంస్కృతి ఎలా ఎండిపోతుందో లోపలినుంచి చెబుతుంది. రెండూ అవసరమైనవే. మలయాళంలో తకళి 'చెమ్మీన్' (1956) బయటి రచయిత విజయానికీ పరిమితికీ కూడా ఉదాహరణ. తీరపు స్త్రీ శీలంతో సముద్రంలోని పురుషుని ప్రాణాన్ని ముడివేసిన విశ్వాసం నవలను నడిపించింది. అదే విశ్వాసం ఆ సమాజానికి బయటివారు ఇచ్చే ఏకైక గుర్తుగా కూడా మారింది. అమితావ్ ఘోష్ ఇంగ్లీషు నవల 'ది హంగ్రీ టైడ్' (2004) 1979 నాటి మరిచ్‌ఝాపి ఉదంతాన్ని ఆధారం చేసుకొని, వన్యప్రాణి రక్షణకూ నిలువనీడలేని మనుషుల హక్కుకూ మధ్య సులభమైన తీర్పు లేదని చూపింది.

తెలుగు రచయితకు వీటిలో ఏదీ నమూనా కానక్కరలేదు. సుందరవనాల పులి కోరింగలో లేదు. ఇక్కడి బావురుపిల్లి రాత్రిపూట తిరిగే, కంటికి అరుదుగా కనిపించే జీవి. దాని చుట్టూ భయకథ అల్లడం కష్టం. ఇక్కడి సంఘర్షణ కూడా తొలగింపుల మహాఘట్టంగా గాక, కట్టెకూ, పశువుల మేతకూ, పీతకూ, చెరువుకూ సంబంధించిన రోజువారీ సర్దుబాటుగా సాగుతుంది. మహాఘట్టం లేని సంఘర్షణను చెప్పడంలో తెలుగు కథానికకు గట్టి అనుభవముంది. వడ్డీ, వాయిదా, కౌలు, పెళ్లిఖర్చు వంటి చిన్న చిన్న లెక్కలలో పెద్ద బతుకును పట్టుకున్న కథలు మన సంప్రదాయంలో కొల్లలు. ఆ నేర్పు ఉప్పునీటి వైపు తిరగవలసి ఉంది. నేదునూరి గంగాధరం వంటివారు సేకరించిన జానపద గేయాలలోని పడవపాటలు, సప్తసాగరయాత్ర ఆచారాలు, తీరపు ఊరిపేర్లు, వలల పేర్లు, పోటుపాటుల లెక్కలు ఆ రచనకు మూలసామగ్రి. వీటిని సేకరించి వర్గీకరించడం విశ్వవిద్యాలయ పరిశోధన చేయదగిన పని.

8. ముగింపు

పైచర్చ వల్ల తేలిన అంశాలు మూడు. గోదావరి సాహిత్యపు స్థలభావన తీర్థం, ఆయకట్టు అనే చట్రాలలో రూపొంది తీపినీటి దగ్గర ఆగింది. ఆ పరిమితి ఉత్తమ రచనలలో సైతం పడవ, తుపాను, అడవి అనే మూడు దృశ్యాల నిర్మాణంలో కనిపిస్తుంది. కొల్లేటి నవల, యానాం రచనలు ఆ పరిమితి దాటరానిది కాదని చూపాయి.

మడ అడవి పునరుద్ధరణలో అనుసరించే ఒక పద్ధతి ఇక్కడ ప్రస్తావించదగినది. ఎండి ఉప్పుదేలిన నేలలో చేపముల్లు ఆకారంలో చిన్న చిన్న కాలువలు తవ్వి, పోటునీరు లోపలికి వచ్చి పాటుకు తిరిగి పోయేటట్లు చేస్తారు; ఆ తరువాతే మొక్కలు నాటుతారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా మడ అడవులలో స్థానిక గ్రామస్థులతో కలిసి ఈ పని చేసింది. డెల్టా మనిషికి కాలువ కొత్త కాదు. ధవళేశ్వరం కాలువ తీపినీటిని పొలానికి తెచ్చింది. ఈ కాలువ ఉప్పునీటిని అడవికి తెస్తుంది. తవ్వే చెయ్యి ఒకటే, నీరు వచ్చే దిక్కు వేరు. గోదావరిని చదివే విమర్శ కూడా ఆ రెండవ దిక్కు నుంచి చూడడం నేర్చుకుంటే, 'సముద్రం పాలు' అన్న మాటకు ఇప్పుడున్న అర్థం మీద పునరాలోచన మొదలవుతుంది.